మద్యం ఎండగట్టిన మెదడు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి కొండ చుట్టుపక్కల ఊళ్లు మొదలుకొని ఆత్మకూరు, మర్రిపాడు, అనంతసాగరం దాకా, ఏళ్ల తరబడి తాగిన మనిషికి జ్ఞాపకం తప్పడం మొదలైతే ఇంటా బయటా వినిపించే మాట ఒకటే: "తాగి తాగి మతి పోయింది, ఇంక చేసేదేముంది." ఈ మాటలో మొదటి భాగం నిజం. మద్యం మెదడును చెడగొడుతుంది, ఒక రకం డిమెన్షియాకు నేరుగా కారణమవుతుంది. రెండో భాగం మాత్రం చాలామంది రోగుల విషయంలో నిజం కాదు. అల్జీమర్స్ జబ్బు ఏడాదికేడాది ముదురుతూనే ఉంటుంది. మద్యం తెచ్చిన మతిమరుపు అలా కాదు. తాగుడు ఆపి, సకాలంలో సరైన విటమిన్ అందిస్తే అది అక్కడితో ఆగుతుంది, కొందరిలో వెనక్కి కూడా తగ్గుతుంది. ఇందుకు దొరికిన గట్టి ఆధారాల్లో మెదడు రక్తప్రసరణ కొలతలు ముఖ్యమైనవి. ఆ కొలతలు ఏం చెబుతున్నాయో ఈ ప్రాంతపు ఆశా కార్యకర్తకూ, ఆర్‌ఎంపీకీ, ఇంటి ఆడవాళ్లకూ తెలియాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మద్యం గురించి మాట్లాడే హక్కు తెలుగునేలపై ఏ ప్రాంతానికైనా ఉందంటే అది ముందుగా ఈ ప్రాంతానికే ఉంది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. ఆ కాలంలోనే వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. బియ్యం మీద మిగిలిన డబ్బు సారా కొట్టుకు పోయిందని అప్పటి ఆడవాళ్లు చెప్పుకున్నారు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ఆ రాత్రిబడి వాచకంలోని సీతమ్మ కథ అనే పాఠం చదివి, అది తమ కథే అనుకున్న ఆడవాళ్లు ఎన్నో ఊళ్లలో ఉన్నారు. ఉదయగిరి నియోజకవర్గంలోనే ఉన్న కలిగిరి మండలం దూబగుంటలో వాళ్లు ఏకమై సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా దేశమంతా తెలిసింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దాన్ని సడలించారు.

ఆ ఉద్యమం మాట్లాడింది కూలి డబ్బుల గురించి, దెబ్బల గురించి, పిల్లల ఆకలి గురించి. మెదడు గురించి మాట్లాడే అవసరం అప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చింది. సారా పోరాటం నాటికి పాతిక, ముప్ఫై ఏళ్ల వయసున్న మగవాళ్లు ఇవాళ అరవై దరిదాపుల్లో ఉన్నారు. సారా పోయాక బ్రాందీ షాపు, ఆ వెనక బెల్టు షాపు వచ్చాయి. మధ్యమధ్య నాటుసారా ఉండనే ఉంది. మద్యం వల్ల వచ్చే డిమెన్షియా ఎక్కువగా బయటపడేది యాభై, డెబ్భై ఏళ్ల నడుమ. ఈ జబ్బు అరుదేమో అనుకునేవాళ్లకు ఫ్రాన్స్ లెక్క ఒకటి చెప్పాలి. అక్కడి ఆసుపత్రుల రికార్డుల ఆధారంగా 2018లో అచ్చయిన అధ్యయనంలో, అరవై అయిదేళ్ల లోపే డిమెన్షియా వచ్చిన 57 వేల పైచిలుకు మందిలో సగానికి మించి మద్యం వల్ల జబ్బుపడినవాళ్లో, మద్యానికి బానిసలైనవాళ్లో ఉన్నారు.

మెదడు బరువు సుమారు 1.4 కిలోలు, శరీరం బరువులో రెండు శాతం. గుండె పంపే నెత్తురులో దాదాపు 15 శాతం దానికే పోతుంది. శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో అయిదో వంతు దానికే కావాలి. నిమిషానికి ముప్పావు లీటరు రక్తం నాలుగు ధమనుల ద్వారా, అంటే మెడ ముందువైపు రెండు, వెన్నెముక వెంబడి రెండు, పైకి చేరుతుంది. వైద్యులు దీన్ని 100 గ్రాముల మెదడుకు నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని కొలుస్తారు. ఆరోగ్యవంతుడిలో సగటు 50. నాడీకణాలు కిక్కిరిసి ఉండే బూడిద పదార్థానికి అంతకన్నా చాలా ఎక్కువ, లోపలి తెల్ల పదార్థానికి చాలా తక్కువ. ఈ అంకె 20 కిందికి దిగితే ఆ భాగం పని ఆగిపోతుంది. పది దరిదాపులకు దిగితే కణాలే చనిపోతాయి. మెదడుకు నిల్వ గాదెలు లేవు. కండరానికి ఉన్నట్టు గ్లూకోజు దాచుకునే ఏర్పాటు దానికి నామమాత్రం. ఏ నిమిషానికి కావలసింది ఆ నిమిషంలో రావలసిందే.

ఈ సరఫరా అన్ని భాగాలకూ ఒకేలా జరగదు. మెట్ట రైతుకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. చెరువు తూము తీసినంత మాత్రాన ప్రతి చేనుకూ నీళ్లు చేరవు. ఎక్కడ తడి కావాలో అక్కడ మడవ తీయాలి, చాలిన చోట కట్టేయాలి. మెదడులో ఆ మడవలు సన్నని ధమనికలు. వాటి గోడల్లో కండరం ఉంటుంది. ఒక భాగం పనిలో పడగానే అక్కడి నాడీకణాలు, వాటి పక్కనుండే సహాయక కణాలు రసాయన సంకేతాలు పంపుతాయి, ధమనిక సడలుతుంది, నెత్తురు పెరుగుతుంది. లెక్క కట్టేటప్పుడు ఒకచోట, మాట వెతుక్కునేటప్పుడు మరోచోట, కోపం అణచుకునేటప్పుడు నుదుటి వెనక. ఈ పంపకం క్షణక్షణం మారుతూనే ఉంటుంది.

ఇది మొదట కళ్లతో చూసింది ఇటలీలోని టురిన్‌లో. 1880 ప్రాంతంలో శరీరధర్మ శాస్త్రవేత్త ఏంజెలో మోసో, తలకు దెబ్బ తగిలి పుర్రెలో రంధ్రం పడ్డ ఒక రైతును పరీక్షించాడు. ఆ రంధ్రం మీద పరికరం అమర్చి మెదడు నాడి కొట్టుకోవడాన్ని నమోదు చేశాడు. మధ్యాహ్నం చర్చి గంటలు మోగగానే ఆ అలల ఎత్తు పెరిగింది, చేతి నాడి మాత్రం మారలేదు. ప్రార్థన గుర్తొచ్చిందా అని అడిగితే మళ్లీ పెరిగింది. ఎనిమిది పన్నెండ్లు ఎంత అని అడిగితే మళ్లీ పెరిగింది. ఆలోచన వచ్చినచోటికి నెత్తురు వెళుతుందన్న సంగతికి ఒక పల్లె రైతు తల సాక్ష్యమిచ్చింది. 1945లో ఫిలడెల్ఫియాలో సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్ నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి మొత్తం మెదడు రక్తప్రసరణను అంకెల్లోకి తెచ్చారు. తర్వాత స్వీడన్, డెన్మార్క్ శాస్త్రవేత్తలు రేడియోధార్మిక జినాన్ వాడి ఏ భాగానికి ఎంతో విడదీసి చూపారు.

ఇప్పుడు ఆసుపత్రుల్లో జరిగే స్పెక్ట్ స్కాన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని పద్ధతిలోనే దాని విలువ తెలుస్తుంది. రోగిని చీకటి గదిలో, చప్పుడు లేకుండా, కళ్లు మూసి పడుకోబెడతారు. చేతి నరంలో ముందే సూది అమర్చి ఉంటుంది. కొన్ని నిమిషాలు అలా ఉంచి, టెక్నీషియం-99ఎం తగిలించిన మందును మాట్లాడకుండా ఎక్కిస్తారు. ఆ మందు కొవ్వులో కరిగే గుణంతో మెదడు కణాల్లోకి దూరి, ఒకటి రెండు నిమిషాల్లోనే అక్కడ చిక్కుకుపోతుంది. నెత్తురు ఎక్కువ పారిన చోట ఎక్కువ, తక్కువ పారిన చోట తక్కువ. ఇక కదలదు. రోగిని అరగంటో గంటో తర్వాత యంత్రం కింద పడుకోబెట్టినా వచ్చే బొమ్మ ఆ సూది పడిన రెండు నిమిషాలదే. ఆ రేడియోధార్మికత ఆరు గంటల్లో సగానికి పడిపోతుంది. ఇంత జాగ్రత్తతో తీసిన బొమ్మ కనుకనే ఇద్దరు మనుషుల మెదళ్లను, ఒకే మనిషి తాగుడు మానకముందూ మానిన తర్వాతా ఉన్న మెదడును పోల్చడం సాధ్యమైంది.

ఏళ్ల తరబడి తాగినవాళ్ల బొమ్మల్లో పదేపదే కనిపించేది నుదుటి వెనక ఉండే లలాట భాగాల్లో ప్రసరణ తగ్గడం. 1976లో స్వీడన్‌కు చెందిన బెర్గ్లుండ్, ఇంగ్‌వర్ మద్యపాన రోగుల మీద, తాగుడు వల్ల తీవ్రమైన జ్ఞాపకలోపం మిగిలిన కోర్సకాఫ్ రోగుల మీద ఈ కొలతలు అచ్చువేశారు. 1983లో అమెరికాలోని హ్యూస్టన్‌లో రోజర్స్, మేయర్ బృందం దీర్ఘకాల మద్యపానానికీ ప్రాంతాలవారీ రక్తప్రసరణ తగ్గుదలకూ సంబంధం చూపింది. లలాట భాగం చేసే పని ముందువెనకలు ఆలోచించడం, తొందరను ఆపడం, మొదలుపెట్టిన పనిని వరస తప్పకుండా పూర్తిచేయడం, తన తప్పు తనకు తెలియడం. అందుకే ఈ జబ్బు చాలా ఇళ్లలో మతిమరుపుగా మొదలవదు. ఎరువుల బస్తాలకని తీసుకెళ్లిన డబ్బు ఏం చేశాడో చెప్పలేడు. అప్పు ఎవరికి తీర్చాలో, ఎవరు తనకివ్వాలో తారుమారవుతుంది. చిన్నమాటకు చేయెత్తుతాడు, పది నిమిషాల్లో అసలేమీ జరగనట్టు అన్నం పెట్టమంటాడు. నీకేదో అవుతోందని అంటే ఒప్పుకోడు. అది మొండితనమని ఇల్లాలు అనుకుంటుంది. తన లోపాన్ని గుర్తించాల్సిన భాగానికే నెత్తురు చాలనప్పుడు అతను ఎలా ఒప్పుకుంటాడు?

లలాట భాగంతో పాటు చిన్నమెదడు నడిమి భాగం, లోతుగా ఉండే థలామస్ కూడా దెబ్బతింటాయి. చిన్నమెదడు దెబ్బతిన్నవాడు తాగకపోయినా కాళ్లు ఎడంగా వేసి తూలుతూ నడుస్తాడు. పొద్దున్నే పట్టించుకొచ్చాడని జనం అంటారు, అతను తాగి మూడు రోజులై ఉండొచ్చు. అల్జీమర్స్‌లో మొదట ప్రసరణ తగ్గేది మెదడు వెనకభాగం, కణతల పక్కభాగాలు. ఈ తేడా అనుభవజ్ఞుడైన వైద్యుడికి ఉపయోగపడుతుంది.

ఇక్కడ నిజాయితీగా ఎదుర్కోవలసిన ప్రశ్న ఒకటుంది. నీళ్లు అందక చేను ఎండిందా, చేను చచ్చింది కనుక నీళ్లు వాడడం మానిందా? కణాలు చనిపోయిన చోట నెత్తురు అవసరమూ తగ్గుతుంది. 1987లో ఆస్ట్రేలియా పరిశోధకులు హార్పర్, క్రిల్ తదితరులు మరణానంతరం మెదళ్లను పరీక్షించి, బాగా తాగినవాళ్ల లలాట భాగంలో నాడీకణాలు సుమారు అయిదో వంతు తగ్గాయని లెక్కకట్టారు. కాబట్టి ప్రసరణ తగ్గుదలలో కొంత కణనష్టానికి నీడ మాత్రమే. మొత్తం మాత్రం కాదు, ఎందుకంటే చచ్చిన కణాలు తిరిగి రావు, ప్రసరణ తిరిగి వస్తుంది. అది వెనక్కి వచ్చిందంటే అక్కడ బతికే ఉండి, పని మందగించిన కణాలు ఉన్నాయన్నమాట. వైద్యం ఆశ పెట్టుకోవలసింది ఆ కణాల మీదే.

మద్యం మడవలనూ పాడుచేస్తుంది. ఒకటి రెండు గుక్కలు తాగినప్పుడు కొన్ని భాగాల్లో నెత్తురు తాత్కాలికంగా పెరుగుతుంది, ముఖం ఎర్రబడ్డట్టే. రోజూ తాగేవాడి కథ వేరు. రక్తపోటు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి సన్నని ధమనికల గోడలు మందమై, గట్టిబడి, సడలమని సంకేతం వచ్చినా సడలవు. రక్తనాళాల లోపలి పొర తయారుచేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, ధమనికను సడలించేది అదే. మూత్రంలో మెగ్నీషియం పోతుంది, అది తగ్గినప్పుడు రక్తనాళాల కండరం బిగుసుకునే స్వభావం పెరుగుతుంది. వీటికి బీడీ, చుట్ట తోడైతే ఏమవుతుందో తర్వాత చెబుతాను.

అన్నిటికన్నా వేగంగా ముంచేది, అన్నిటికన్నా తేలిగ్గా ఆపగలిగేది విటమిన్ బి1, అంటే థయమిన్ లోపం. శరీరంలో దాని నిల్వ మొత్తం 30 మిల్లీగ్రాములకు మించదు, తిండి సరిగా లేకపోతే కొన్ని వారాల్లో అయిపోతుంది. గ్లూకోజును మండించి శక్తిగా మార్చే ఎంజైములకు థయమిన్ లేనిదే పని జరగదు. నెత్తురు వచ్చినా, అందులో గ్లూకోజు ఉన్నా, పొయ్యి రాజుకోదు. మద్యం ఈ లోటును మూడు వైపుల నుంచి పెంచుతుంది. తాగేవాడు అన్నం సరిగా తినడు. తిన్నదాంట్లోంచి పేగు థయమిన్‌ను పీల్చుకోలేదు. చెడిన కాలేయం దాన్ని దాచుకోలేదు. 1881లో బెర్లిన్‌లో కార్ల్ వెర్నికె ముగ్గురు రోగుల గురించి రాశాడు. వాళ్లలో ఇద్దరు తాగుబోతులు. మూడో మనిషి సల్ఫ్యూరిక్ ఆమ్లం మింగి, కడుపు దెబ్బతిని, తిన్నది నిలవక వాంతులు చేసుకున్న యువతి. ముగ్గురిలోనూ మతి తికమక, కంటిగుడ్లు సరిగా తిరగకపోవడం, నడక తూలడం ఉన్నాయి. చనిపోయాక మెదడు లోతుల్లో సూదిమొనలంత రక్తపు చుక్కలు కనిపించాయి, సన్నని నాళాలు చిట్లిన ఆనవాళ్లు. మద్యం ముట్టని ఆ యువతికీ అదే జబ్బు రావడానికి కారణం పోషణ అందకపోవడమేనని తర్వాతి తరాలు తెలుసుకున్నాయి. 1887 నుంచి రష్యా వైద్యుడు సెర్గెయ్ కోర్సకాఫ్ ఈ దశ దాటి బతికినవాళ్లలో మిగిలే జ్ఞాపకలోపాన్ని వర్ణించాడు.

ఆ జ్ఞాపకలోపం ఎలా ఉంటుందో మంచం పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది. వార్డులో మూడు రోజులుగా పడుకుని ఉన్న రోగిని, "పెద్దాయనా, పొద్దున ఏం చేశారు?" అని నర్సు అడుగుతుంది. "ఉదయగిరి సంతకు పోయొచ్చానమ్మా, ఎద్దుల జత బేరం కుదర్లా" అంటాడు. తడబడడు, సిగ్గుపడడు, సంతలో ఎండ ఎలా ఉందో కూడా చెబుతాడు. అబద్ధమాడుతున్నాడని పక్కమంచం వాళ్లు నవ్వుతారు. అది అబద్ధం కాదు. కొత్త సంగతి నిలవని చోట మెదడు పాత సంగతులతో ఖాళీ పూడ్చుకుంటోంది. ముప్ఫై ఏళ్ల కిందటి సంత అతనికి ఈ పొద్దుటిదే. నర్సు బయటికి వెళ్లి అయిదు నిమిషాల్లో తిరిగొస్తే ఎవరమ్మా నువ్వు అంటాడు.

థయమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన మనిషి నెల్లూరులో పుట్టాడన్న సంగతి మన జిల్లాలోనే ఎక్కువమందికి తెలియదు. రాబర్ట్ రనెల్స్ విలియమ్స్ 1886లో నెల్లూరులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు పుట్టాడు. చిన్ననాడు ఇక్కడ చూసిన ఆకలి తనను వదల్లేదని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. 1910లో మనీలాలో రసాయన శాస్త్రవేత్తగా ఉన్నప్పుడు ఎడ్వర్డ్ వెడ్డర్ అనే సైనిక వైద్యుడు తవుడు సారం తెచ్చి, థయమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బును నయం చేసేది ఇందులో ఏముందో వెతకమన్నాడు. ఆ సారం నోట్లో పోస్తే చావు అంచున ఉన్న పసిబిడ్డలు కోలుకోవడం విలియమ్స్ కళ్లారా చూశాడు. తర్వాత అమెరికాలో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో పాతికేళ్లకు పైగా అదే పట్టుదలతో వెతికాడు. 1926లో జావాలో యాన్సెన్, డోనాత్ ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా వేరుచేయగా, 1936లో విలియమ్స్ దాని అణునిర్మాణం తేల్చి కృత్రిమంగా తయారుచేశాడు. పేటెంట్ రాబడిలో అధికభాగం పోషకాహార లోపంపై పోరాడే నిధికి వెళ్లేలా ఏర్పాటు చేశాడు. ఇవాళ ఏ మందుల అంగడిలోనైనా తక్కువ ధరకు దొరికే బి1 మాత్ర వెనక ఈ నెల్లూరు బిడ్డ శ్రమ ఉంది. జిల్లా పాఠశాలల్లో ఆయన పేరు వినిపించాలని నా కోరిక.

తవుడులో ఉన్నది బియ్యంలో ఎందుకు లేదన్నది మన వంటింటి ప్రశ్న. మర పట్టి తెల్లగా చేసిన బియ్యంలో థయమిన్ దాదాపు పోతుంది. ఉన్న కాస్తా మూడు నీళ్లు పోసి కడిగితే కొంత, గంజి వారిస్తే మరికొంత పోతుంది. ఉప్పుడు బియ్యంలో మాత్రం వడ్లు ఉడికినప్పుడు థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉండటాన్ని 1940 నాటికే కూనూరులోని పోషకాహార పరిశోధకులు అయిక్రాయిడ్ బృందం గుర్తించింది. మెట్ట నెల్లూరు ఒకప్పుడు సజ్జ, జొన్న, రాగి తిన్న నేల. వాటిలో థయమిన్ తెల్లబియ్యం కన్నా చాలా ఎక్కువ. వాటి స్థానంలోకి తెల్ల బియ్యం, దానితోపాటే సారా ప్యాకెట్టు వచ్చాయి. రెండూ కలిసి మెదడుకు చేసిన నష్టం ఏ ఒక్కటీ విడిగా చేయగలిగినది కాదని నా అభిప్రాయం. జొన్నకూ ఒక చిక్కు ఉంది. జొన్నే ప్రధాన ఆహారంగా తిన్న పేదల్లో పెల్లాగ్రా అనే విటమిన్ లోపపు జబ్బు రావడాన్ని హైదరాబాదులోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకంటియా పరిశీలించి, జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. పెల్లాగ్రా తాగేవాళ్లలోనూ వస్తుంది, అదీ మతిని చెడగొడుతుంది. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు రేగితే దాన్ని అనుమానించాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. నాలుగు రోజులు అన్నం ముట్టకుండా తాగి, వాంతులై, నీరసించి పడిపోయిన మనిషికి మన పల్లెల్లో మొదట జరిగే వైద్యం గ్లూకోజు సీసా ఎక్కించడం. థయమిన్ అడుగంటిన ఒంట్లోకి ఒక్కసారిగా గ్లూకోజు వెళితే, దాన్ని మండించే ప్రయత్నంలో మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. కాస్త తికమకగా ఉన్న మనిషి కొన్ని గంటల్లో వెర్నికె స్థితిలోకి జారవచ్చు. ముందు థయమిన్ సూది, తర్వాత లేదా దానితోపాటే గ్లూకోజు. ఈ వరస ప్రతి ఆర్‌ఎంపీ, ప్రతి స్టాఫ్ నర్సు మనసులో నాటుకోవాలి. సూది ద్వారానే ఇవ్వాలి, ఎందుకంటే తాగుడుతో చెడిన పేగు మాత్రను సరిగా పీల్చుకోదు. కళ్లు, నడక, మతి మూడూ చెడేదాకా ఎదురుచూడకూడదు. 1986లో హార్పర్ బృందం మరణానంతరం వెర్నికె జబ్బు తేలిన 131 మంది రికార్డులు తిరగేస్తే, బతికుండగా దాన్ని గుర్తించింది అయిదుగురిలో ఒకరికే. ఆస్ట్రేలియా 1991 నుంచి రొట్టెపిండిలో థయమిన్ కలపడం తప్పనిసరి చేసింది.

సకాలంలో చికిత్స జరిగితే ఏమవుతుంది? 1985లో మేయర్ బృందం వెర్నికె-కోర్సకాఫ్ రోగుల రక్తప్రసరణను చికిత్సకు ముందూ తర్వాతా కొలిచింది. తాగుడు ఆపి, థయమిన్ ఇచ్చి, తిండి సరిచేస్తే తగ్గిన ప్రసరణ మెరుగైంది, కుంచించుకున్న మెదడు కొంత పుంజుకుంది. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరో బృందం ఎంఆర్ఐ ద్వారా, ఏ మందూ ఎక్కించకుండానే, తాగుడు మానిన మొదటి వారంలో ఒకసారి, అయిదు వారాలకు ఒకసారి ప్రసరణ కొలిచింది. పొగ తాగని వాళ్లలో లలాట భాగపు ప్రసరణ ఆ కొద్ది వారాల్లోనే గణనీయంగా పెరిగింది. పొగ తాగేవాళ్లలో పెరగలేదు. బీడీ గురించి తర్వాత చెబుతానన్నది ఇందుకే. మందు మానాడు కదా, బీడీ అయినా కాల్చుకోనీ అని ఇంట్లోవాళ్లు జాలిపడతారు. ఆ జాలి కోలుకోవడానికి అడ్డు పడుతుంది. కోర్సకాఫ్ దశకు చేరినవాళ్ల సంగతి కాస్త కష్టం. 1971లో విక్టర్, ఆడమ్స్, కాలిన్స్ ప్రచురించిన పెద్ద పరిశీలన ప్రకారం సుమారు నాలుగో వంతు బాగా కోలుకుంటారు, నాలుగో వంతు దాదాపు ఏమీ కోలుకోరు, మిగతావాళ్లు మధ్యలో ఉంటారు.

దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూసినప్పుడు ఈ శాస్త్రం వాళ్ల చేతిలో లేదు. అయినా రోజూ తాగే మనిషికి తాగడానికి లేకుండా చేయడం, ఆ డబ్బుతో ఇంట్లో పొయ్యి వెలిగించడం అంటే మెదడు కోలుకోవడానికి కావలసిన రెండు పనులూ చేసినట్టే. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడి చేత ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం. మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. లేనివి కనిపించి, వినిపించి, ఒళ్లంతా వణికి, ప్రాణం మీదికి రావచ్చు. మాన్పించడం ఆసుపత్రిలో, మందుల సాయంతో జరగాలి.

ఈ ప్రాంతంలో మతి చలించినవాళ్లను అనుమసముద్రంపేట దర్గాకు తీసుకెళ్లడం పాత ఆచారం, హిందువులూ ముస్లిములూ అందరూ వెళతారు. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. దర్గాకు బయల్దేరే ముందో, వచ్చిన మర్నాడో ఆసుపత్రికి వెళ్లమనే నా ప్రార్థన, ఎందుకంటే ఈ జబ్బులో రోజుల లెక్క ముఖ్యం. స్కాన్ కోసం ఆగనక్కర్లేదు. స్పెక్ట్ వంటి పరీక్షలకు తిరుపతి స్విమ్స్ వంటి అణువైద్య విభాగాలున్న చోటికి వెళ్లాలి, అవి అనుమానం తీరనప్పుడు పనికొస్తాయి. తొలి చికిత్సకు కావలసింది తాగుడు గురించి దాచకుండా చెప్పే ఒక మనిషి, థయమిన్ సూది. తాగేవాళ్లు పడిపోతుంటారు కనుక తలలో నెత్తురు గడ్డకట్టిందేమో మామూలు సీటీ స్కాన్‌లో చూడాలి. కాలేయం, చక్కెర, థైరాయిడ్, బి12 పరీక్షించాలి. వీటిలో ఏది ఉన్నా వేరే వైద్యం కావాలి. ఎటు వెళ్లాలో తోచనివాళ్లు కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.

కోలుకోవడంలోనూ ఒక వరస ఉంది, అది తెలిస్తే ఇంట్లోవాళ్లు తొందరపడి నిరాశపడరు. సూది పడ్డాక కంటిగుడ్ల కదలిక గంటల్లో, రోజుల్లో కుదుటపడుతుంది. తికమక రోజుల్లో, వారాల్లో తగ్గుతుంది. తూలే నడక బాగుపడటానికి వారాలు పడుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. కొత్త సంగతులు గుర్తుంచుకునే శక్తి అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది, నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి ఏడాది, రెండేళ్లు. ఆ కాలమంతా ఒకే చోట పడుకోవడం, ఒకే వేళకు తినడం, గోడ మీద పెద్ద అక్షరాల కేలండరు, డబ్బు లావాదేవీలు మరొకరి చేతిలో ఉండటం అతనికి మేలు చేస్తాయి. మూడు నెలలకోసారి అవే ప్రశ్నలు అడిగి జవాబులు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టే ఆశా కార్యకర్త ఉంటే, తర్వాత చూసే వైద్యుడికి ఆ పుస్తకం స్కాన్ బొమ్మకు తీసిపోదు.